మూసీ దాటిన కానుక

హైదరాబాదులోని పాత చర్చిలను, మిషన్ బడులను పటం మీద గుర్తు పెట్టుకుంటూ పోతే దాదాపు అన్నీ మూసీకి ఉత్తరానే పడతాయి. కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ అండన 1834లో మొదలైన బడి తర్వాత సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూలైంది. గన్‌ఫౌండ్రీలో సెయింట్ జోసెఫ్ కెథడ్రల్ 1875 క్రిస్మస్ నాటికి తలుపులు తెరిచింది. వెస్లియన్ మెథడిస్టులు 1880 ప్రాంతంలో సికింద్రాబాదు దండు పక్కన దిగారు. 1895లో చాపెల్ రోడ్డున స్టాన్లీ బాలికల పాఠశాల వెలిసింది. ఇరవయ్యో శతాబ్ది మొదట్లో మెనొనైట్ బ్రదరన్ వారు మలక్‌పేటలో మకాం పెట్టి నది దాటారు గాని, వాళ్ళూ నగర ప్రాకారానికి బయటే ఆగారు. చార్మినార్ చుట్టూ ఉన్న పాతబస్తీ గల్లీల్లోకి చర్చి సేవ ఒక స్థిరమైన పనిగా రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

ఇందుకు కారణాలు లేకపోలేదు. రెసిడెంటు దొర రక్షణ, దండు బజారు వసతి ఉత్తరాన ఉన్నాయి. మిషన్ల మనసేమో పల్లెల మీద ఉంది. గుంపులుగా చర్చిలోకి వచ్చిన మాల, మాదిగ కుటుంబాలు అక్కడే ఉన్నాయి. పాతబస్తీ నిజాం కొలువున్న ఊరు, ముస్లింలు ఎక్కువగా ఉన్న ఊరు. పైగా ఆదుకోవడం అనేది అక్కడ కొత్తగా ఎవరో వచ్చి నేర్పవలసిన విద్య కాదు. మహమ్మద్ కులీ కుతుబ్ షా 1595లోనే దారుషిఫా ఆసుపత్రి కట్టించాడు. జకాత్, దర్గాల దగ్గర లంగరు, మసీదు వాకిట అన్నం పొట్లాలు ఆ ఊరి నిత్యకృత్యం. చర్చి ఉదారత గురించి రాసేవాళ్ళు ఈ సంగతి మర్చిపోతే చరిత్రకు అన్యాయం చేసినట్టే.

తెలుగునాట మిషన్ దానానికి మొదటి గట్టి పరీక్ష 1876-78 కరువు. ఒంగోలులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ తవ్వకం గుత్తకు తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి కూలి ఇప్పించాడు. ఆ పని కంటే నాకు గొప్పగా తోచేది మరొకటుంది. కరువు సాగినంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. గంజి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట ఆ పేదల మీద పడకూడదని ఆయన పట్టుదల. కరువు తీరాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకెను గర్వంగా చెప్పుకునేవాళ్ళు ఎందరో ఉన్నారు. దానికి ముందు ఆయన పట్టిన నిగ్రహాన్ని చెప్పేవాళ్ళు తక్కువ.

నిజాం రాజ్యంలో వెస్లియన్ మిషనరీ ఛార్లెస్ వాకర్ పోస్నెట్ దాదాపు అదే దారి పట్టాడు. మెదక్ చర్చి కట్టడం 1914 నుంచి 1924 దాకా సాగింది. కరువు బాధితులకు పని, పనికి తిండి అన్నది ఆ నిర్మాణం వెనకున్న ఆలోచన. ప్రతిష్ఠ జరిగింది 1924 డిసెంబరు 25న. నిజామాబాదు వైపు డాక్టర్ ఇసబెల్ కెర్ 1915లో డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు ఆసుపత్రి తెరిచింది. దానికి పెద్ద మొత్తంలో విరాళమిచ్చిన రాజా నర్సాగౌడ్ క్రైస్తవుడు కాడు. వైద్యం ఒక మతం వారిది, డబ్బు ఇంకొకరిది, రోగులు అందరూ. డిచ్‌పల్లి పేరు చెప్పినప్పుడల్లా ఆయన పేరూ చెప్పాలి.

ఇదంతా ఎక్కువగా పైనుంచి కిందికి వచ్చిన దానం. లండన్, బోస్టన్ సంఘాల చందాలు దొర చేతిలోకి, ఆ చేతి నుంచి మన చేతిలోకి. ఆ వరసను తిప్పినవాడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు తమ సొంత డబ్బుతో ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టుకుని, నిజాం ఏలుబడిలోని డోర్నకల్ ప్రాంతానికి మనుషులను పంపారు. అజరయ్య తానే అక్కడికి వచ్చి, 1912లో డోర్నకల్ బిషప్పయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు ఆయనే. అంతకు రెండేళ్ళ ముందు, 1910 ఎడింబరో మిషనరీ మహాసభలో, తెల్లవాళ్ళ ముఖం మీదే ఒక మాట అడిగాడు: మీ త్యాగాలు చూశాం, మీ ధనం అందుకున్నాం, ఇక మాకు మీ స్నేహం కావాలి. సభలో కొందరికి ఆ మాట గుచ్చుకుంది. నాకైతే ఈ చరిత్ర మొత్తంలో అంతకంటే ముఖ్యమైన కోరిక కనిపించదు.

పేదసంఘాలకు ఇవ్వడం నేర్పడం ఆయన రెండో పని. ఎసట్లో పోసే ముందు ఇల్లాలు ఒక పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేస్తుంది, ఆదివారం దాన్ని గుడికి తెస్తుంది. కోత పండుగకు వడ్లు, గుమ్మడికాయలు, కోళ్ళు, గుడ్లు వస్తాయి. ఆరాధన అయ్యాక వేలంపాట. పది రూపాయల గుమ్మడికాయను వందకు పాడి, మళ్ళీ సంఘానికే వదిలేసి పోయేవాళ్ళుంటారు. కూలికి పోయే మాదిగ ఇల్లాలు తానూ దాతనని మొదటిసారి అనుకున్నది ఆ పిడికెడుతోనే. పుచ్చుకోవడమే రాసిపెట్టి ఉందని ఊరు చెప్పిన మనిషికి అది చిన్న మార్పు కాదు. సికింద్రాబాదు, రాంకోఠి సంఘాల్లో ఇప్పుడు బియ్యం బదులు కవర్లు, క్యూఆర్ కోడ్లు వచ్చాయి, కోత పండుగ వేలం మాత్రం ఆగలేదు.

ఇక పాతబస్తీ. హెన్రీ మార్టిన్ సంస్థ 1930లో లాహోరులో పుట్టింది. ముస్లింల మధ్య సువార్త చెప్పేవారికి శిక్షణ ఇవ్వడం దాని తొలి ఉద్దేశం. ఊళ్ళు మారుతూ 1971లో హైదరాబాదు చేరింది. 1990 డిసెంబరు అల్లర్లలో ఇక్కడ వందమందికి పైగా చనిపోయారు. కర్ఫ్యూలో రోజుకూలీల పొయ్యి వెలగలేదు. ఆ సంస్థ వాళ్ళు పుస్తకాలు పక్కన పెట్టి ఆ గల్లీల్లోకి వెళ్ళారు. తక్షణ సాయంతో మొదలైన పని సుల్తాన్‌షాహీలో అమన్ శాంతి కేంద్రంగా నిలదొక్కుకుంది. పక్కపక్క ఇళ్ళలో ఉంటూ ఒకరికొకరు భయపడుతున్న హిందూ, ముస్లిం కుటుంబాల పిల్లలకు ఒకే బడి, ఆడవాళ్ళకు ఒకే గదిలో కుట్టుపని, వైద్యం. మతం మార్చడానికి మనుషులను తయారుచేసిన సంస్థ సయోధ్యనే తన పనిగా మార్చుకుంది. దాన్ని వెనకడుగు అన్న క్రైస్తవులున్నారు. వారి విశ్వాసాన్ని గౌరవిస్తూనే వారితో విభేదిస్తాను. క్లౌ పట్టిన నిగ్రహం, అజరయ్య అడిగిన స్నేహం ఒక్కచోట కలిసింది ఆ కుట్టుమిషన్ల గదిలోనే.

ఇప్పుడు విదేశీ డబ్బు దారి ఇరుకైంది. విదేశీ విరాళాల మీద వచ్చిన 2010 చట్టానికి 2020లో చేసిన సవరణతో, ఒక సంస్థకు వచ్చిన విదేశీ విరాళాన్ని మరో సంస్థకు బదిలీ చేసే వీలు పోయింది. కార్యాలయ ఖర్చుకు 20 శాతమే హద్దు. చిన్న కేంద్రాలను నడిపేవాళ్ళకు ఇది నిజమైన గండం. అదే ఏడాది అక్టోబరు వరదల్లో ఫలక్‌నుమా, హాఫిజ్ బాబా నగర్ ఇళ్ళు మునిగాయి. అవసరం తగ్గలేదని చెప్పడానికి వేరే లెక్కలు అక్కర్లేదు. ఉత్తరపు ఒడ్డున పెద్ద సంఘాలు కోత పండుగ రాబడిలో ఎక్కువ భాగం గోడలకు సున్నం, గుడికి ఏసీలు, కాంపౌండు గేట్లకే ఖర్చు పెట్టుకుంటే ఈ లోటు ఎప్పటికీ పూడదు. ఈ ఏటి వేలంపాట లెక్క చూసేటప్పుడు సంఘ పెద్దలు పాతబస్తీ పిల్లల ఫీజులకని ఒక పద్దు రాయాలి. ఆ డబ్బు ఎవరి బడికి వెళ్ళినా, ఆ పిల్లలు ఏ మతం వాళ్ళయినా సరే.