మూన తిరుగుట: ఒక ఆంగ్ల క్రియ చెప్పిన పాఠము

శతవార్షికోత్సవ సంచికకు చరిత్ర వ్యాసమొకటి వ్రాయమని సంపాదకవర్గము వారు కోరినప్పుడు, నాకు తెలిసిన చరిత్ర మాటల చరిత్రే కదా అని సందేహించాను. ముప్పది యేండ్లకు పైగా ఆంగ్లము బోధించినవాడిని. కనుక ఒక్క ఆంగ్ల క్రియను తీసుకొని, దానికీ మన సంఘ చరిత్రకూ గల సంబంధమును మీ ముందుంచుతాను. ఆ క్రియ ‘అక్లైమటైజ్’. కొత్త చోటి గాలికి, నీటికి, ఎండకు అలవాటుపడుట అని దాని అర్థము.

ఒకనాడు తరగతిలో ఈ మాట వచ్చింది. నిఘంటువులో ఉన్నట్లే “శీతోష్ణస్థితికి అలవాటుపడుట” అని బోర్డుపై వ్రాశాను. వెనుక బెంచీలోని ఒక రైతుబిడ్డ లేచి, “అంటే మూన తిరగడమా సార్?” అన్నాడు. ఆకుమడిలో పెరిగిన నారు పీకి పొలములో నాటితే నాలుగు రోజులు తలలు వాల్చి, ఇక బ్రతుకదేమో అన్నట్లుంటుంది. తరువాత కొత్త వేరు తొడిగి, పచ్చబడి, నిటారుగా నిలబడుతుంది. దానినే మన రైతులు మూన తిరుగుట అంటారు. నిఘంటువు కంటె ఆ బాలుడి తెలుగే మేలని ఒప్పుకున్నాను.

ఈ ఆంగ్లపదము మూలము గ్రీకు భాషలో ఉన్నది. ‘క్లీమా’ అంటే వాలు. భూమధ్యరేఖ నుండి ధ్రువము వైపు భూమి వాలుతుందని ఎంచి, ఆ వాలునుబట్టి దేశములను పట్టీలుగా విభజించారు. ఏ పట్టీకి ఆ పట్టీ ఎండ, చలి ఉంటాయి గనుక, మాట క్రమముగా వాతావరణమునకు పేరైనది. లాటిను, ఫ్రెంచి భాషల మీదుగా ఆంగ్లమునకు వచ్చింది. 18వ శతాబ్ది చివర ‘అక్లైమేట్’, 19వ శతాబ్ది మొదటి సగములో ‘అక్లైమటైజ్’ వాడుకలోకి వచ్చినవి. నేడు అమెరికావారు మొదటి రూపమును, బ్రిటనువారు, వారి వెంట మనము, రెండవ రూపమును ఎక్కువగా వాడుతున్నాము.

వ్యాకరణములో ఈ క్రియకు రెండు నడకలున్నవి. ఒకటి సకర్మకము: ఒకరు మరొకరిని అలవాటుపరచుట. రెండవది అకర్మకము: తానే అలవాటుపడుట. ఇది చిన్న భేదము కాదు. కర్త ఎవరన్నదే ఇందులోని అసలు ప్రశ్న.

19వ శతాబ్దిలో దీనిని సకర్మకముగా పట్టుకొని సంఘములే వెలిశాయి. 1854లో ప్యారిసులో, 1860లో బ్రిటనులో, 1861లో ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో స్థాపించబడిన ఆ సంఘముల పని, ఒక దేశపు జంతువులను, మొక్కలను మరొక దేశమునకు అలవాటుచేయుట. ఆ కాలపు ఉత్సాహము అటువంటిది. ఆస్ట్రేలియాలో 1859లో థామస్ ఆస్టిన్ అను భూస్వామి వేటకోసము కొన్ని కుందేళ్ళను తెప్పించి వదిలాడు. అవి చక్కగా అలవాటుపడ్డాయి! తరువాత కోట్లకు పెరిగి గడ్డిని, పంటలను తినివేశాయి. మన కాలువలను కమ్మే గుర్రపుడెక్క కూడ దక్షిణ అమెరికా నుండి వచ్చినదే. అమెరికా ఖండముల మిరపను 16వ శతాబ్దిలో పోర్చుగీసువారు మన దేశమునకు తెచ్చారు. ఈనాడు గుంటూరు పేరు చెప్పగానే మిరప గుర్తుకు వస్తుంది. రెండూ ఇక్కడ వేరూనినవే. ఒకటి చోటును మ్రింగివేసింది, ఒకటి చోటికి రుచినిచ్చింది. కనుక అలవాటుపడినంత మాత్రాన మేలు జరిగినట్లు కాదు.

ఇక మనుష్యుల సంగతి. 1841లో రాబర్ట్ నోబుల్ దొరగారు, హెన్రీ వాట్సన్ ఫాక్స్ దొరగారు మచిలీపట్నము వచ్చారు. ఇద్దరూ ఒకే సంవత్సరము, ఒకే ఎండలోనికి దిగినవారు. ఫాక్స్ గారికి ఇక్కడి గాలి పడలేదు. 1845లో ఆయన భార్య మరణించారు. స్వదేశమునకు వెళ్ళిన ఆయన మరల ఇక్కడికి తిరిగివచ్చారు. ఆరోగ్యము పూర్తిగా చెడి 1848లో ఇంగ్లండు చేరి, ఆ యేడే 31 ఏండ్ల వయస్సులో కన్నుమూశారు. నోబుల్ గారు ఒక్కసారియైన స్వదేశమునకు పోకుండ 24 సంవత్సరములు ఇక్కడనే ఉండి, విద్యాబోధన చేసి, 1865లో ఇక్కడనే మరణించారు. ఒకరికి గాలి పడినది, ఒకరికి పడలేదు. అయినను, ఒకసారి దెబ్బతిని మరల తిరిగివచ్చిన ఫాక్స్ గారిని ఓడిపోయినవారని ఎవరనగలరు?

మరొక ఉదాహరణ. తిరునల్వేలి ప్రాంతపు తమిళులైన అజరయ్యగారు 1909లో డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912లో ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు అయ్యారు. 1939లో ప్రతిష్ఠింపబడిన డోర్నకల్ కెథడ్రల్‌లో దేవాలయ మండపములను తలపించే స్తంభములు, మసీదులను తలపించే గుమ్మటములు కలిసి ఉన్నవి. వచ్చినవాడు చోటిని నేర్చుకున్నాడు, ఆ చోటు కూడ వచ్చినదానికి తన రూపమునిచ్చింది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకొని ముగిస్తాను. ఒకప్పుడు నేనొక హాస్టలులో వార్డెనుగా ఉన్నాను. మన్యము నుండి ఒక పిల్లవాడు వచ్చి చేరాడు. అన్నము సరిగా తినడు, రాత్రులు మేల్కొని కూర్చుంటాడు, ఎవరితోనూ మాట్లాడడు. మూడు వారములు చూచి, వాని తండ్రిని పిలిపించి పంపివేశాను. రిజిస్టరులో ఆంగ్లమున, వాడు ఈ చోటికి అక్లైమటైజ్ కాలేదు, అని వ్రాశాను. వ్యాకరణ దోషము లేని వాక్యమే. కాని కర్త స్థానములో ఆ పిల్లవాడిని ఒక్కడినే నిలబెట్టాను. వాని భాషలో వానితో ఒక్క మాటైన ఎవరమూ మాట్లాడలేదు. ఇంట ఏమి తింటావని అడుగలేదు. నారు తలవాల్చినదని మూడవ రోజునే పీకివేసే రైతు ఉంటాడా? మడిలో పలుచగా నీరు నిలిపి, కనిపెట్టి ఉంటాడు. నేను ఆ పని చేయలేదు. ఆ బాలుడు మరల బడికి పోయినాడో లేదో నాకు తెలియదు.

ఎత్తైన కొండలపైకి పోవు సైనికులను కూడ ఒక్కమారు పైకి పంపరు. మెట్టు మెట్టుకు ఆపి, శరీరమునకు వ్యవధి ఇస్తారు. ఆ వ్యవధి ఇచ్చువారు తోటివారే.

మన సంఘములకు నేడు పనికోసము, చదువుకోసము, పెండ్లివలన కొత్త కుటుంబములు వస్తూనే ఉన్నవి. చివరి వరుసలో మౌనముగా కూర్చుండి వెళ్ళిపోవు వారిని చూచి “వారు మనతో కలియరు” అని మనము అనుచుందుము. ఆ వాక్యములో కర్త ఎవరో ఒకసారి చూచుకొందము. వేరు తొడుగుట నారు పని. నీరు నిలుపుట మన పని.