మేక్ అని కొడితే తెలుగు వచ్చింది

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను జంటనగరాల్లో ఎవరూ పూర్తి పేరుతో పిలవరు, సీటీసీ అంటారు. 1990ల చివర్లో ఇక్కడ ఇంజినీరింగ్ చదివిన తరానికి ఆ మెట్లు బాగా తెలుసు. మదర్‌బోర్డు ఒక షాపులో, ర్యామ్ ఇంకో షాపులో, క్యాబినెట్ మరో చోట బేరమాడి కొని, అక్కడే బిగింపించి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని ఇంటికి తెచ్చుకునేవారు. అలాంటి అసెంబుల్డ్ పీసీల్లోకి లైనక్స్ వచ్చిన దారి చాలామందికి ఒకటే: పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీ. 'పీసీ క్వెస్ట్' 1996 మార్చి సంచికతో ఆ సంప్రదాయం మొదలైంది. దాని వెనుక ఉన్న మనిషి బెంగళూరుకు చెందిన అతుల్ చిట్నిస్. ఇంటర్నెట్ అంటే మోడెం కూత, ఫోన్ బిల్లు భయం అయిన రోజుల్లో అంత సాఫ్ట్‌వేర్ ఇంటికి చేరడానికి సీడీ తప్ప వేరే మార్గం లేదు.

లైనక్స్‌తో పాటు ఒక కొత్త అలవాటు కూడా వచ్చింది. ప్రోగ్రామ్‌ను తయారుగా తెచ్చుకోవడం కాకుండా దాని సోర్స్ కోడ్ తెచ్చుకుని, నల్లటి తెర మీద ఆజ్ఞలు టైపు చేసి, మన మెషీన్ మీదే కట్టుకోవడం. ఈ పని చేసినవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు. జంటనగరాల లైనక్స్ వాడకందారులు 'ట్విన్‌క్లింగ్' పేరుతో ఒక బృందంగా కూడారు. కానీ ఈ అలవాటుతో తెలుగుకు ఉన్న బంధం అంతకంటే పాతది. అది మొదలైంది అమెరికాలో, హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో.

1990ల తొలి ఏళ్లలో అమెరికా క్యాంపస్‌లలోని తెలుగు విద్యార్థులు యూజ్‌నెట్ అనే చర్చా వేదికలో కలుసుకునేవారు. పద్యాలు, వాదాలు, జోకులు, అన్నీ ఇంగ్లిషు అక్షరాల్లోనే. ఒక్కొక్కరిది ఒక్కో స్పెల్లింగు. రైస్‌లో ఉన్న కన్నెగంటి రామారావు, ఆనంద కిషోర్ దీనికి ఒక కట్టుబాటు తెచ్చారు. చిన్నబడి (స్మాల్) టీ కొడితే త, పెద్దబడి (క్యాపిటల్) టీ కొడితే ట. చిన్నబడి ఎన్ న, పెద్దబడి ఎన్ ణ. అదే ఆర్‌టీఎస్. దానికి తోడుగా వాళ్లు 'రిట్' అనే చిన్న ప్రోగ్రామ్ రాశారు. ఆర్‌టీఎస్‌లో టైపు చేసిన ఫైలును దానికిస్తే టెక్ అనే ముద్రణ వ్యవస్థకు అర్థమయ్యే రూపంలోకి మార్చి ఇస్తుంది. ఆ టెక్‌లో తెలుగు అక్షరాలు ముక్కవిల్లి లక్ష్మి, ముక్కవిల్లి లక్ష్మణకుమార్ తీర్చినవి. ప్రతి అక్షరం వంపునూ మెటాఫాంట్ భాషలో కోడ్‌గా రాశారు. ఒక లిపి మొత్తాన్ని, గుణింతాలు ఒత్తులతో సహా, అలా రాయడానికి ఎంత ఓపిక కావాలో రాసినవాళ్లకే తెలియాలి.

ఇవన్నీ సోర్స్ కోడ్‌గానే చేతులు మారాయి. అందులో ఆదర్శం ఎంతుందో అవసరమూ అంతే ఉంది. అప్పటి యూనివర్సిటీల్లో ఒక ల్యాబ్‌లో సన్ మెషీన్లు, పక్క ల్యాబ్‌లో డెక్, ఇంకో చోట హెచ్‌పీ. ఒకదాని ప్రాసెసర్ భాష మరోదానికి తెలియదు. జనరల్ బజార్‌లో బట్ట కొని, ఎవరి కొలతకు వాళ్లు కుట్టించుకున్నట్టు, సోర్స్ తెచ్చుకుని ఎవరి మెషీన్‌కు వాళ్లు కంపైల్ చేసుకోవాల్సిందే.

ఆ కుట్టుపనికి పనిముట్టు 'మేక్'. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ దాన్ని రాశాడు. సహోద్యోగి స్టీవ్ జాన్సన్ ఒక ఉదయమంతా తన ప్రోగ్రామ్‌లో తప్పు వెతికాడు. తీరా చూస్తే తప్పు ఎప్పుడో దిద్దేశాడు. దిద్దిన ఫైలు మళ్లీ కంపైల్ కాలేదంతే. ఏ ఫైలు మారిందో చూసి, దాని మీద ఆధారపడిన వాటిని మాత్రమే తిరిగి కట్టే ప్రోగ్రామ్ ఆ చిరాకులోంచి పుట్టింది. మేక్‌ఫైల్‌లో ఆజ్ఞ ముందు ట్యాబ్ ఉండాలి, స్పేసులు పెడితే ఒప్పుకోదు. ఈ నియమం బాగాలేదని ఫెల్డ్‌మన్‌కు త్వరగానే తెలిసింది, కానీ అప్పటికే డజను మంది దాకా వాడుతున్నారని మార్చలేదు. ఆ ట్యాబ్ దగ్గర నేటికీ కుర్రవాళ్లు తడబడుతున్నారు.

కోడ్ మూసిపెడితే ఏమవుతుందో మన పత్రికల చరిత్రలోనే ఉంది. తొలి తెలుగు వెబ్‌సైట్లు ఒక్కొక్కటీ సొంత ఫాంటు, సొంత ఎన్‌కోడింగ్‌తో వచ్చాయి. అన్ని లిపులకూ ఉమ్మడి ఎన్‌కోడింగ్ అయిన యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కినా చాలాకాలం అటు చూసినవాళ్లు తక్కువ. ఏ పత్రిక ఫాంటు లేకపోతే ఆ పత్రిక పేజీ నిండా పిచ్చిగీతలే. వెతకడానికి వీల్లేదు, కాపీ చేసి దాచుకోవడానికి వీల్లేదు. అలా రాసిన తెలుగులో ఎంత పోయిందో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. దాన్ని కొంతైనా కాపాడింది వెన్న నాగార్జున రాసిన 'పద్మ'. ఆ ఫాంట్ల రాతను యూనికోడ్‌లోకి మార్చే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ అది. దాని కోడ్ అందరికీ అందుబాటులో ఉండబట్టే వీవెన్ ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు టైపు చేసుకునే 'లేఖిని'ని కట్టగలిగారు. తెలుగు బ్లాగర్ల తొలి తరంలో చాలామంది లేఖినిలోనే రాశారు. అక్కడా అదే ఆర్‌టీఎస్: చిన్నబడి టీ త, పెద్దబడి టీ ట. రైస్‌లో కుదిరిన ఆ కట్టుబాటు ఇన్ని చేతులు దాటి బతికింది.

ఇప్పుడు ఆ బాట మీద ఉన్న పని తెలుగు ఓసీఆర్. పాత పుస్తకం పేజీని ఫొటో తీస్తే అక్షరాలుగా మార్చి ఇచ్చే ప్రోగ్రామ్ టెసరాక్ట్. 1985 నుంచి 1994 దాకా హెచ్‌పీ తన ల్యాబుల్లో తయారు చేసింది, 2005లో సోర్స్ బయటపెట్టింది, తర్వాత గూగుల్ పెంచింది. దాన్ని సోర్స్ నుంచి కట్టడం చూడదగ్గ పని. 'కాన్ఫిగర్' ఆజ్ఞ ఇవ్వగానే కంపైలర్ ఉందా, ఫలానా లైబ్రరీ ఉందా అని మెషీన్ తనను తానే తనిఖీ చేసుకుంటుంది, ఒక్కో వరుసకు అవును, లేదు అంటూ. లెప్టోనికా లేకపోతే అక్కడే ఆగి, 1.74 గానీ అంతకంటే కొత్తది గానీ కావాలని చెబుతుంది. బొమ్మను చదివే పని ఆ లైబ్రరీది. అది లేకుండా ముందుకు సాగదు. అది పెట్టి మళ్లీ కాన్ఫిగర్, తర్వాత మేక్. ఇక తెర నిండా వరుసలు పరుగెడతాయి. చివర్లో మేక్ ఇన్‌స్టాల్. తెలుగు డేటా ఫైలును దాని ఫోల్డర్‌లో పెట్టి, పేజీ పేరు, భాష తెలుగు అని చెప్పి ఎంటర్ కొడితే అచ్చు తెలుగు పాఠం ఫైలుగా వస్తుంది.

వచ్చిన పాఠంలో తప్పులుంటాయి. ధకూ థకూ మధ్య తేడా ఒక్క చుక్క. మాసిన కాగితం మీద అదీ కనిపించదు. ఒత్తులు తారుమారవుతాయి. ఈ తప్పుల్ని దిద్దాలంటే తెలుగు బాగా వచ్చినవాడే దిద్దాలి, అందుకు కోడ్ తెరిచే ఉంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో 2001 నాటికే తెలుగు ఓసీఆర్ మీద అతుల్ నేగి, చక్రవర్తి భాగవతి పరిశోధన పత్రం వెలువరించారు. ఊళ్లో ఇంత విద్య ఉంది, ఇన్ని ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి. కానీ మన పిల్లల ఆఖరి ఏడాది ప్రాజెక్టులు ఎక్కువగా మార్కుల కోసం కొనుక్కున్నవో, ఎక్కడిదో తెచ్చి పేరు మార్చినవో అవుతున్నాయి. ఇది బాధతో అంటున్న మాట.

రామారావు, ఆనంద కిషోర్ విద్యార్థులుగా ఉండగానే ఆ పని చేశారు. ముక్కవిల్లి ద్వయం ఫాంట్లు, రిట్ ప్రోగ్రామ్ కలిసి ఉన్న ప్యాకేజీ టెక్ భాండాగారం సీటాన్‌లో ఇప్పటికీ ఉంది. మీ ఇంట్లో ఇంజినీరింగ్ చదివే పిల్లలుంటే దాన్ని చూపించండి. టెసరాక్ట్ సోర్స్ తెచ్చుకుని ఈ సెలవుల్లో ఒకసారి కట్టమనండి. తాతల నాటి పుస్తకం ఒకటి బీరువాలోంచి తీసిచ్చి, అందులో పది పేజీలు చదివించి, తప్పులు దిద్ది, దిద్దిన పాఠాన్ని తెలుగు వికీసోర్స్‌కు పంపమనండి.