చేతికొచ్చిన బ్యాండ్‌ని చేజార్చుకున్న కుర్రాడు: జేమ్స్ కాటన్ కథ

ఇవాళ ఒక మౌత్ ఆర్గాన్ ప్లేయర్ గురించి మాట్లాడుకుందాం. ఎంత బాగా వాయించాడన్నది కాదు నా టాపిక్, బ్యాండ్‌ని ఎలా నడిపాడన్నది.

పేరు జేమ్స్ కాటన్. 1935లో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో, ట్యూనికా దగ్గర పుట్టాడు. ఇంట్లో వాళ్లది పత్తి చేలో పని. ఇంటిపేరు కూడా కాటనే, చూడండి! అప్పట్లో హెలెనా అనే ఊరి రేడియోలో మధ్యాహ్నం పూట 'కింగ్ బిస్కెట్ టైమ్' అని పావుగంట బ్లూస్ ప్రోగ్రామ్ వచ్చేది. అందులో సనీ బాయ్ విలియమ్సన్ వాయించేది విని పిల్లాడికి పిచ్చి పట్టింది. తొమ్మిదేళ్లకే ఆయన దగ్గరికి చేరిపోయాడు. మన గురుకులం టైపే. అక్కడే ఉండటం, చూసి నేర్చుకోవడం.

కొన్నేళ్లకి సనీ బాయ్ మిల్వాకీ వెళ్లిపోతూ బ్యాండ్ మొత్తాన్ని ఈ కుర్రాడి చేతిలో పెట్టేశాడు. అప్పటికి ఇతను టీనేజర్, బ్యాండ్‌లో మిగతా అందరూ పెద్దవాళ్లు. వాయించడం వచ్చు, కానీ వాళ్ల చేత మాట వినిపించుకోవడం ఎలా? బాగా కోడ్ రాస్తున్నాడని ఫ్రెషర్‌ని తీసుకెళ్లి టీమ్ లీడ్ చేస్తే ఏమవుతుందో అదే అయింది. బ్యాండ్ చెల్లాచెదురైంది.

1954లో మడ్డీ వాటర్స్ బ్యాండ్‌లో చేరాడు. దాదాపు 12 ఏళ్లు అక్కడే. ఒకప్పుడు ఆ సీట్లో ఉన్నవాడు లిటిల్ వాల్టర్, మామూలోడు కాదు. మొదట్లో స్టేజీ మీద కాటన్ వాయించినా, రికార్డింగ్‌కి మాత్రం మళ్లీ వాల్టర్‌నే పిలిచేవాళ్లు. కడుపు మండదా? అయినా ఉన్నాడు. 1960 న్యూపోర్ట్ ఫెస్టివల్ లైవ్ ఆల్బమ్‌లో వినిపించే మౌత్ ఆర్గాన్ కాటన్‌దే. ఒక లీడర్ బ్యాండ్‌ని ఎలా నడుపుతాడో పక్కనే నిలబడి చూసే ఛాన్స్ కూడా ఆ 12 ఏళ్లే ఇచ్చాయని నాకనిపిస్తుంది.

1966లో బయటికొచ్చి సొంత బ్యాండ్ పెట్టాడు. ఈసారి నిలబడింది. తీసుకున్నవాళ్లు కూడా గట్టివాళ్లే: గిటార్‌కి లూథర్ టక్కర్, డ్రమ్స్‌కి సామ్ లే. తర్వాత 70ల్లో గిటారిస్ట్ మాట్ మర్ఫీ వచ్చాడు. 1974లో వచ్చిన '100% కాటన్' వినండి. పేరు లీడర్‌దే, కానీ గిటార్‌కి ఎంత చోటిచ్చాడో! ఆ మర్ఫీనే తర్వాత 'బ్లూస్ బ్రదర్స్' సినిమాలో కనిపిస్తాడు.

90ల్లో గొంతు క్యాన్సర్. పాడే గొంతు పోయింది. బ్యాండ్ మాత్రం ఆపలేదు. పాడటానికి వేరేవాళ్లని పెట్టుకుని, తను వాయిస్తూ నడిపించాడు. 1996 ఆల్బమ్ 'డీప్ ఇన్ ద బ్లూస్'కి గ్రామీ వచ్చింది.

2017లో, 81 ఏళ్లకి చనిపోయాడు. అంతకు నాలుగేళ్ల ముందు 'కాటన్ మౌత్ మ్యాన్' వచ్చింది. అందులోనూ పాటలు వేరేవాళ్లే పాడారు, చివరిది తప్ప. 'బానీ బ్లూ' అనే ఆ పాటని, బొంగురుపోయిన ఆ గొంతుతోనే, కాటన్ పాడాడు. బానీ బ్లూ అంటే అతను పుట్టిన పత్తి ఎస్టేట్ పేరు.