ఫిర్యాదుల పెట్టె నుంచి ఫోను పిలుపు దాకా

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు రెండుసార్లు కబురు పెట్టారు. కథలూ కవిత్వమూ నాకు చేతకావు. ముప్పయి ఏళ్లకు పైగా ఫైళ్లతో కాపురం చేసినవాణ్ణి గనుక ఒక ఫైలు సంగతే రాస్తాను. ప్రభుత్వ ఆసుపత్రికి వచ్చిన రోగిని "నీకు ఎలా జరిగింది?" అని సర్కారు అడగడం మన దగ్గర ఎలా వచ్చింది, ఎందాకా వచ్చింది అన్నదే విషయం. మందుల సంచి లేకుండా గడప దాటలేని వయసు మనది. కాబట్టి ఇది మన అందరి సంగతి.

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వాసులకు ప్రభుత్వ వైద్యం దూరం కాదు. కుక్క కరిస్తే నారాయణగూడ ఐ.పి.ఎం.కు పరుగెత్తడం మనకు చిన్ననాటి నుంచి తెలుసు. జ్వరం ముదిరితే నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి. దానికి పెట్టిన పేరు సర్ రోనాల్డ్ రాస్‌ది. 1897లో మన సికింద్రాబాదులోనే ఆయన దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. ఇటు కింగ్‌కోఠీ, అటు ముషీరాబాద్‌లో గాంధీ. ఇన్ని ఉన్నా, అక్కడికి వెళ్లి వచ్చినవాడు తన మంచిచెడ్డలు చెప్పుకోవడానికి చాలాకాలం ఉన్న దారి ఒక్కటే, గోడకు కొట్టిన చెక్క పెట్టె.

అలాంటి పెట్టె తాళంచెవి 1988 ప్రాంతంలో నా సొరుగులో ఉండేది. ఏ ఆసుపత్రి అన్నది ఇప్పుడు అనవసరం. మూడు నెలలకోసారి, ఇన్‌స్పెక్షన్ ముందు, పెట్టె తెరిచేవాళ్లం. ఒకసారి ఓపీ చీటీ వెనుక పెన్సిలుతో రాసిన కాగితం దొరికింది. "మా అమ్మ ఉన్న వార్డులో నాలుగు రోజులుగా నల్లా రావడం లేదు. బయటినుంచి బిందెతో తెస్తున్నాను. దయచేసి చూడండి" అని ఉంది. కింద మంచం నంబరు, అశోక్‌నగర్‌లో ఇంటి చిరునామా. తేదీ చూస్తే రెండున్నర నెలల కిందటిది.

నేను పద్ధతి ప్రకారమే చేశాను. రిజిస్టరులో నంబరు వేశాను, ఇంజనీరింగ్ సెక్షనుకు పంపాను, రెండు రిమైండర్లు రాశాను. చివరికి "నల్లా పనిచేయుచున్నది" అని జవాబు వచ్చింది. ఫైలు ఎల్.డిస్. చేశాను. ఎల్.డిస్. అంటే ఏమిటో మనవాళ్లకు చెప్పనక్కర్లేదు, ఏడాది ఉంచి నాశనం చేసే కాగితం. ఆ చిరునామా మా ఇంటికి పది నిమిషాల నడక. సిటీ సెంట్రల్ లైబ్రరీకి పేపర్లు చదవడానికి పోతూ ఆ గల్లీ ముందునుంచే రోజూ నడిచేవాణ్ణి. ఒక్కసారి తలుపు తట్టి "బాబూ, మీ అమ్మగారికి ఎలా ఉంది?" అని అడగలేదు. రూలు నన్ను అడగమనలేదు. అడగొద్దనీ అనలేదు.

జిల్లా, ఏరియా ఆసుపత్రుల కోసం 1986లో ఆంధ్రప్రదేశ్ వైద్య విధాన పరిషత్ చట్టం వచ్చింది. ఆ పరిషత్ ఆసుపత్రులు ఇరవై అయిదింటిలో 1,179 మందిని అడిగి హైదరాబాదులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెల్త్ సిస్టమ్స్ వారు చేసిన సర్వే 2001లో అచ్చయింది. అసంతృప్తికి మొదటి కారణం లంచాలని తేలింది. ఆ తర్వాత నీళ్లు, ఫ్యాన్లు, లైట్లు, మరుగుదొడ్లు, శుభ్రత, సిబ్బంది మాటతీరు. నీళ్లు అన్న మాట చదవగానే నాకు ఆ ఓపీ చీటీ గుర్తుకొచ్చింది. పెట్టెలో పడిన ఒక్క చీటీ ఫిర్యాదు. పద్ధతిగా అడిగితే అదే సాక్ష్యం అవుతుంది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇక్కడ అడగవలసింది పెట్టేవాళ్లే.

సరిగ్గా అదే కాలంలో టెండర్ల తీరు కూడా మారింది. సీలు వేసిన కవర్లు, కంపారటివ్ స్టేట్‌మెంట్లు పోయి 2003లో మన రాష్ట్రంలో ఈ-ప్రొక్యూర్‌మెంట్ వచ్చింది. 2005లో 108 మొదలైంది. ఫోనులో ప్రభుత్వ వైద్యసేవ అందుతుందని జనానికి నమ్మకం కుదిరింది. ఇంగ్లండులో అదే 2005లో షెఫీల్డ్‌కు చెందిన పాల్ హాడ్జ్‌కిన్ అనే డాక్టరు పేషెంట్ ఒపీనియన్ అనే ఆన్‌లైన్ సేవ పెట్టారు. దాని నేటి పేరు కేర్ ఒపీనియన్. రోగి తన అనుభవం రాస్తాడు, దాని కిందనే ఆసుపత్రి జవాబు రాస్తుంది, రెండూ లోకానికి కనిపిస్తాయి. 2013లో అక్కడి ప్రభుత్వ ఆసుపత్రులు "ఈ వార్డును మీ స్నేహితులకు, ఇంటివారికి సిఫారసు చేస్తారా?" అని రోగులను అడగడం మొదలుపెట్టాయి. 2020లో ఆ ప్రశ్న మార్చి "మొత్తంమీద మీ అనుభవం ఎలా ఉంది?" అన్నారు.

మన కేంద్ర ఆరోగ్య శాఖ 2016 ఆగస్టులో "మేరా అస్పతాల్" తెచ్చింది. ఆసుపత్రికి వెళ్లి వచ్చిన వారిని ఎస్సెమ్మెస్ ద్వారా, ఫోను పిలుపు ద్వారా, యాప్, వెబ్‌సైటు ద్వారా అడుగుతారు. తృప్తి లేదంటే కారణం చెప్పమంటారు: సిబ్బంది ప్రవర్తనా, శుభ్రతా, ఖర్చా, వైద్యమా, ఇంకేదైనానా అని. గోడ మీది పెట్టె చేతిలోకి వచ్చిందన్నమాట. సంతోషం. కాని తాళంచెవి ఎవరి సొరుగులో ఉందన్న ప్రశ్న అలాగే ఉంది.

ఇలాంటి సేవను ఏ ప్రభుత్వమైనా టెండరు పిలిచి కొనవలసిందే. టెండరు సెక్షనులో కూర్చున్న అనుభవంతో నాలుగు మాటలు మనవి చేస్తాను. ఒకటి, కాల్‌కు ఇంత అని డబ్బు కడితే కాల్స్ మాత్రమే వస్తాయి. ఎన్ని ఫిర్యాదులకు ఎన్ని రోజుల్లో రోగికి జవాబు వెళ్లిందో దాన్నిబట్టి బిల్లు పాస్ కావాలి. రెండు, కనిష్ఠ ధర ఒక్కటే చూడనక్కర్లేదు. 2017 జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లో నాణ్యతకు కూడా మార్కులు ఇచ్చే పద్ధతి ఉంది. మూడు, రోగి పేరు, జబ్బు వార్డు సిబ్బంది చేతికి చిక్కకూడదు. రేపు మళ్లీ ఆ మంచం మీదికే వెళ్లాలన్న భయం ఉంటే ఎవరు నిజం చెబుతారు? 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది గనుక, ఆ వివరాలు కంపెనీ సొత్తు కాదని ఒప్పందంలో స్పష్టంగా రాయాలి. నాలుగు, తెలుగులో, ఉర్దూలో మాట్లాడాలి. బటన్ల ఫోను వారిని, చదువురాని వారిని వదలకూడదు. చెక్క పెట్టెనూ తీసేయకూడదు. అందులోని చీటీలను ఒక గుమాస్తా రోజూ కంప్యూటరులో ఎక్కించాలి.

మన సంఘం తరఫున ఈ నాలుగు మాటలతో సంబంధిత శాఖకు ఒక వినతిపత్రం పంపాలని నా ప్రతిపాదన. కార్యవర్గం ఒప్పుకుంటే ముసాయిదా నేనే రాస్తాను, ఆ పని ఇంకా మరచిపోలేదు. ఆసుపత్రినుంచి ఇంటికి వచ్చాక అలాంటి ఫోను వస్తే విసుక్కుని పెట్టేయకండి. ఓటీపీ, బ్యాంకు నంబరు అడిగితే అది దొంగ ఫోను, వెంటనే పెట్టేయండి. వైద్యం ఎలా జరిగిందని మాత్రమే అడిగితే ఉన్నదున్నట్లు చెప్పండి. బాగా చూసిన నర్సమ్మ సంగతీ చెప్పండి, అదీ రికార్డు కావాలి.

అశోక్‌నగర్ గల్లీలో ఇప్పుడు అన్నీ అపార్ట్‌మెంట్లు, కోచింగ్ పిల్లల హాస్టళ్లు. ఆ ఇల్లు లేదు. ఆయన చీటీకి ఇవ్వవలసిన జవాబు మాత్రం నా ఖాతాలో పెండింగులోనే ఉంది. ఇకమీదటి చీటీలకైనా జవాబు వెళ్లేట్టు చూడగలిగితే అదే చాలు.