ఇంప్లాంట్ పన్ను ఎంత గట్టిగా నిలిచింది? కొలత వెనుక ఉన్న చరిత్ర

దవడ ఎముకలో టైటానియం స్క్రూ బిగించి, అది ఎముకతో కలిసిపోయాక దానిపై కొత్త పన్ను కట్టే ఇంప్లాంట్ చికిత్స నేడు శ్రీకాకుళం, విజయనగరం పట్టణాలలోనూ లభిస్తున్నది. దీనికి వేల రూపాయలు వెచ్చించేవారు సాధారణంగా రెండు ప్రశ్నలు అడుగుతారు: ఖర్చెంత, ఎన్నాళ్లు మన్నుతుంది? పాఠకులారా, మూడవ ప్రశ్న కూడా అడగండి: స్క్రూ ఎముకలో ఎంత గట్టిగా నిలిచిందో కొలిచారా? ఈ ప్రశ్నకు నమ్మదగిన సమాధానం దొరకడానికి వైద్యశాస్త్రానికి దశాబ్దాలు పట్టింది.

1952లో స్వీడన్ శాస్త్రవేత్త పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ కుందేలు కాలి ఎముకలో టైటానియం పరికరం అమర్చారు. ప్రయోగం ముగిశాక తీయబోతే అది ఊడి రాలేదు. ఎముక దానిని పట్టేసింది. 1965లో గోస్టా లార్సన్ అనే వ్యక్తికి తొలిసారిగా ఆ పద్ధతిలో పళ్లు అమర్చారు. 1982 టొరంటో సదస్సు తరువాత ప్రపంచం దీనిని అంగీకరించింది. అయితే పట్టును కొలిచే సాధనం ఆనాడు లేదు. అందుచేత కింది దవడకు సుమారు 3 నెలలు, పై దవడకు 6 నెలలు ఆగి, ఆ తరువాతే పన్ను కట్టేవారు. కాలమే కొలబద్ద.

తరువాత కొన్ని ఉపాయాలు వచ్చాయి. సంతలో కుండను వేలితో మోగించి చూసినట్లు, అద్దం పిడితో ఇంప్లాంట్‌ను తట్టి శబ్దం వినేవారు. అది వినేవారి చెవిని బట్టి మారేది. ఎక్స్‌రే ఎముక తరుగుదలను చూపుతుంది గాని పట్టు బలాన్ని చూపదు. స్క్రూను వెనక్కి తిప్పి పరీక్షిస్తే అతుకుతున్న ఎముకే విడిపోవచ్చు. బిగించేటప్పటి టార్క్ ఉపయోగకరమైన కొలతే, కాని అది ఆ ఒక్కనాటి సంగతినే చెబుతుంది.

1980లలో జర్మనీలోని ట్యూబింగెన్‌లో షుల్టే బృందం పెరియోటెస్ట్ అనే పరికరం రూపొందించింది. మొదట అది సహజ దంతాల కదలికను కొలవడానికి ఉద్దేశించినది. చిన్న కడ్డీ పన్నును పదేపదే మృదువుగా తట్టి, -8 నుండి +50 వరకు గల అంకెను ఇస్తుంది. తట్టే కోణం, ఎత్తు మారితే అంకె కూడా మారడం దానిలోని ఇబ్బంది.

1996లో నీల్ మెరెడిత్ బృందం కంపన పద్ధతిని ప్రకటించింది. బొబ్బిలి వీణ తంత్రిని బిరడతో బిగించిన కొద్దీ శ్రుతి పెరుగుతుందని మన ప్రాంతం వారికి వేరే చెప్పనక్కరలేదు. ఇక్కడి సూత్రమూ అటువంటిదే. నేటి పరికరాలలో ఇంప్లాంట్‌కు చిన్న అయస్కాంతపు కడ్డీ బిగించి, దానిని తాకకుండానే కంపింపజేస్తారు. ఎముక పట్టు ఎంత గట్టిదైతే కంపనాల సంఖ్య అంత హెచ్చు. దానిని ఐ.ఎస్.క్యూ. అనే 1 నుండి 100 వరకు గల మానంలో చెబుతారు. సాధారణంగా 70 దాటితే మంచి పట్టు, 60కి తగ్గితే జాగ్రత్త అవసరం.

ఈ అంకె కూడా దానంతట అది సత్యం కాదు. కడ్డీ వదులుగా బిగిస్తే తప్పు అంకె వస్తుంది. దవడ పొడవున, అడ్డంగా, రెండు దిశలలోనూ కొలవాలి. పైగా తొలి వారాలలో పాత ఎముక కరిగి కొత్తది పుడుతుంది కనుక, సుమారు 3, 4 వారాల వద్ద పట్టు కొంత తగ్గి మళ్లీ పెరుగుతుంది. అందుచేత ఒక్క కొలత ఛాయాచిత్రం మాత్రమే. బిగించిన నాడు ఒకసారి, పన్ను కట్టే ముందు మరొకసారి, ఒకే విధంగా కొలిచి పోల్చినప్పుడే అది నమ్మదగిన సాక్ష్యమవుతుంది.

మన జిల్లాలో ఈ జాగ్రత్తకు ప్రత్యేక కారణాలున్నాయి. నిప్పు ఉన్న కొసను నోటిలో ఉంచుకొని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటుపై శ్రీకాకుళం జిల్లా గ్రామాలలో 10,169 మందిని పరీక్షించిన పిండ్‌బోర్గ్, మెహతా ప్రభృతుల అధ్యయనం 1971లో వెలువడింది. అంగిలిపై ఆ అలవాటు కలిగించే హానిని అది వివరించింది. పొగాకు ఎముక మానడాన్నీ మందగింపజేస్తుంది. చుట్ట అలవాటు ఉన్నవారు ఇంప్లాంట్‌కు ముందు అంగిలి పరీక్ష తప్పక చేయించుకోవాలి. ఇక కవిటి, కంచిలి, సోంపేట మొదలైన ఉద్దానం మండలాలను దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి పీడిస్తున్నది. ఆ వ్యాధి ఎముకలోని కాల్షియం సమతుల్యతను దెబ్బతీస్తుంది. ఇటువంటి వారి విషయంలో ఇన్ని నెలలని గడువు లెక్కించి పన్ను కట్టడం చాలదు. ఎముక సిద్ధమైనదో లేదో కొలిచి చూడడం మేలు.

కనుక చికిత్సకు వెళ్లినప్పుడు మీ పొగాకు అలవాటును, కిడ్నీ జబ్బును, మధుమేహాన్ని దాచకండి. బిగించిన నాటి అంకెను, పన్ను కట్టే ముందటి అంకెను మీ చీటీపై రాయించుకోండి. అంకె తక్కువగా ఉన్నదని బెదిరిపోవద్దు. అది విఫలమైనదని కాదు, మరికొంత కాలం ఆగమని అర్థం కావచ్చు. ఆగమని చెప్పే వైద్యుని మాట వినండి. తొందరపడి కట్టించుకున్న పన్ను కన్నా, రెండు నెలలు ఆలస్యంగా వచ్చినా నిలిచే పన్ను మేలు.