పెరటి చీడలు

మొక్కల రసమును పీల్చియు, ఆకులను కొఱికియు, మొగ్గలను తొలిచియు బ్రతుకు పురుగులకును నల్లులకును చీడలని పేరు. గోదావరి కాలువల నీటితో ఏడాది పొడవునను తేమ యాఱని పెనుగొండ ప్రాంతమున, ఇంటివెనుక రెండు కొబ్బరిచెట్లు, అరటి పిలకలు, కరివేప, మందార, మల్లెపొద గల పెరడు వీనికి నిత్యనివాసము.

చీడను గుర్తింపఁగోరువారు ఆకును తిరగవేసి చూడవలెను. మందార కొమ్మ కణుపులందు దూదిపింజవలె అంటుకొనియుండునది పిండినల్లి; చిక్కుడు లేతతీగెను నల్లగా క్రమ్ముకొనునది పేనుబంక; వేసవిలో ఆకు పాలిపోయి, అడుగున సన్నని గూడు కనబడినచో అది ఎఱ్ఱనల్లి. కరివేపాకుపై పక్షిరెట్టవలె కదలక పడియుండునది సీతాకోకచిలుక గొంగళి, పెరిగినపిమ్మట పచ్చనగును. దానిని చేతితో ఏరివేసిన చాలును. పులుసులో వేసికొను ఆకుపై విషము చల్లుట ఎంతమాత్రమును తగదు.

ఇటీవల ఈ ప్రాంతపు గృహస్థులను మిక్కిలి బాధించినది సర్పిలాకారపు తెల్లదోమ. మధ్య అమెరికాలోని బెలీజు దేశమున లభించిన నమూనాలనుబట్టి 2004లో వర్ణింపబడిన ఈ కీటకము, 2016లో తమిళనాడునందలి పొల్లాచ్చి కొబ్బరితోటలలో కనబడి, అచిరకాలముననే గోదావరి జిల్లాలకు వ్యాపించెను. తల్లిదోమ ఆకు అడుగున చుట్లు చుట్లుగా గ్రుడ్లు పెట్టి, వానిపై తెల్లని మైనపుపొడి కప్పును. ఆ చుట్లనుబట్టియే దానికీ పేరు. పిల్లపురుగులు విసర్జించు తియ్యని జిగురు క్రింది మట్టలపైనను, చెట్టునీడనున్న జామ, అరటి, క్రోటను కుండీలపైనను, కడకు తులసికోట గట్టుపైనను బొట్లుబొట్లుగా రాలును. కొలదిదినములలో దానిపై నల్లని మసిబూజు పెరిగి, ఆకునకు ఎండ తగులనీయదు. ఈ మసిని చూచి, అదియే తెగులని భ్రమించి, జామచెట్టునకు మందు కొట్టువారు పెక్కురు. దోమ యున్నది తలపైని కొబ్బరిమట్టయందు.

నివారణకు మొదటి సాధనము నీరు. గొట్టముతో ఆకు అడుగుభాగమునకు తగులునట్లు వేగముగా కొట్టిన దోమయు మైనమును చాలవఱకు రాలిపోవును. జిగురు పూసిన పసుపుపచ్చ అట్టలను కట్టిన రెక్కల దోమలు వానికంటుకొనును. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెయు, కొంచెము సబ్బును కలిపి సాయంసమయమున చల్లవచ్చును. పిండినల్లికిని పేనుబంకకును ఇదియే మందు. జిగురుకై వచ్చు చీమలు ఈ పురుగులకు కావలికాయును గనుక, చీమలబారును తెంపుటయు ముఖ్యము.

ఘాటైన పురుగుమందులు చీడకంటె ముందు దాని శత్రువులను చంపును. ఎన్‌కార్సియా యను సూక్ష్మమైన పరాన్నజీవి తెల్లదోమ పిల్లలలో గ్రుడ్లు పెట్టును; ఆ గ్రుడ్లనుండి పుట్టిన పురుగులు తెల్లదోమ పిల్లలను లోపలినుండి తినివేయును. అట్లు హతమైన పిల్లలు నల్లబడి, పరాన్నజీవి వెలువడిన పిమ్మట వాని వీపున గుండ్రని రంధ్రము కనబడును. కోనసీమలోని అంబాజీపేట ఉద్యాన పరిశోధనస్థానము ఈ తెల్లదోమకు జీవనియంత్రణమునే ప్రోత్సహించుచున్నది. కావున పెరటిలో ఇంకను రంధ్రము పడని నల్లని పిల్లలు గల కొబ్బరియాకు దొరకినచో దానిని కాల్పక, ముక్కలుగా కత్తిరించి, దోమ సోకిన మఱియొక చెట్టు మట్టలకు కట్టవలెను.