బురుజుపేట దారి

విశాఖపట్నం చరిత్రను ఓడలతో మొదలుపెట్టడం మనకు అలవాటైపోయింది. 1933లో ‘జలదుర్గ’ లోపలి రేవుకు వచ్చింది. ఆ డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ రేవును ప్రారంభించాడు. 1948లో నెహ్రూ ‘జలఉష’ను నీటిలోకి దించాడు. ఇవన్నీ నిజాలే. అయితే రేవును కట్టేటప్పుడూ తిరగగట్టేటప్పుడూ ఊళ్లోని మనుషుల మాట ఎక్కడ చెల్లింది, ఎక్కడ చెల్లలేదు అన్న ప్రశ్నకు ఈ వరుసలో చోటు లేదు. అందుకని నేను బురుజుపేట నుంచి మొదలుపెడతాను.

1912లో దారి వెడల్పు చేయడానికి మునిసిపాలిటీ వారు కనకమహాలక్ష్మి విగ్రహాన్ని పక్కకు జరిపారనీ, 1917లో ప్లేగు వచ్చేసరికి అది అమ్మవారి ఆగ్రహమేనని జనం పట్టుబట్టి విగ్రహాన్ని మళ్లీ పాతచోటనే నిలిపించారనీ స్థలకథ చెబుతుంది. ప్లేగు ఎలకల వల్ల వస్తుంది గాని విగ్రహం జరిపితే రాదు. ఈ పత్రిక పాఠకులకు అది నేను చెప్పనక్కర లేదు. కాని ఇంత మాత్రం చెప్పి మూఢనమ్మకమని చేతులు దులుపుకునే విమర్శకుడికి అసలు సంగతి అందదు. మునిసిపాలిటీ ఓటు ఆస్తిపరులకే పరిమితమైన రోజులవి. పేటలోని పేదలు తమ అభ్యంతరాన్ని ఏ భాషలో చెప్పగలరు? వాళ్ల చేతిలో ఉన్న భాష అమ్మవారే. ఆ అమ్మవారికి నేటికీ గర్భగుడి కప్పు లేదు. పూజారి అడ్డు లేకుండా ఎవరైనా స్వయంగా తాకి పసుపు కుంకుమలు పెట్టుకోవచ్చు. మార్గశిర గురువారాలలో అక్కడి వరసలో నిలబడి చూస్తే, ఆ దారి ఎవరిదో తెలుస్తుంది.

రేవు ముఖద్వారం మీదికి చూసే మూడు కొండల సంగతీ ఇటువంటిదే. వేంకటేశ్వరుడి గుడి, ఇషాక్ మదీనా దర్గా, రాస్ కొండ మీది చర్చి పక్కపక్కనే ఉన్నాయి. టూరిస్టు కరపత్రాలు దీన్ని మతసామరస్యమని మెచ్చుకుంటాయి. దర్గాకు మొక్కుకునే హిందువులకు మాత్రం ఆ పెద్దమాటతో పనిలేదు.

రేవు ఎవరి అవసరానికి పుట్టింది? మధ్యపరగణాల మాంగనీసు ఖనిజాన్ని దగ్గరి దారిన సముద్రానికి చేర్చడానికి. 1931లో రాయపూర్–విజయనగరం రైలుమార్గం పూర్తికావడం, రెండేళ్లకు రేవు తెరవడం యాదృచ్ఛికం కాదు. సామ్రాజ్యం తన లెక్క తాను చూసుకుంది. కాని ఖనిజం మోసిన కళాసీలు, మరపడవల సరంగులు, వలలు అల్లే జాలరి స్త్రీలు తమ మాటను ఊరికి ఇచ్చారు. రావిశాస్త్రి వాక్యం వెనుక ఉన్నది ఈ పట్నపు పేదవాడి మాటే. ‘ఆరు సారా కథలు’ను మద్యనిషేధం మీద వ్యంగ్యంగా మాత్రమే బోధించే మా ఉపాధ్యాయులం, అందులో ఒక రేవుపట్టణం మాట్లాడుతోందని పిల్లలకు చెప్పం. 1970లో శ్రీశ్రీ షష్టిపూర్తి నాడు రచయితలు ఎటువైపని విద్యార్థులు కరపత్రంతో నిలదీసిందీ ఈ ఊళ్లోనే.

ఇప్పుడు రేవును మళ్లీ తీర్చిదిద్దుతున్నారు. 2023 సెప్టెంబరులో విహారనౌకల కోసం కొత్త టెర్మినల్ ప్రారంభమైంది. అదే ఏడాది నవంబరులో చేపలరేవులో మంటలు లేచి నలభై దాకా మరపడవలు దెబ్బతిన్నాయి. ఈ రెంటికీ కార్యకారణ సంబంధం అంటగట్టను. కాని ఒకే రేవులో ఒకరిది స్వాగతతోరణం, మరొకరిది నష్టపరిహారపు అర్జీ. స్థానిక సంస్కృతి అంటే గోడలమీద వలా తెప్పా బొమ్మలు వేయించడమని ప్రణాళికలు గీసేవారు అనుకుంటున్నారు. వల ఆరేసుకోవడానికి ఇసుక ఎంత మిగిలిందని అడగడం వాళ్లకు సంస్కృతిగా తోచదు. 1912 నాటి మునిసిపాలిటీకీ తోచలేదు. అప్పుడు దారి మళ్లించడానికి పేట జనానికి అయిదేళ్లు పట్టింది.